మేకు కొట్టకూడని ఇల్లు

తీగ కనపడకూడదు. ఇదీ నా మతం. ముప్పై ఏళ్ళపాటు అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళల్లో తీగలు లాగాను. మొదట్లో కరెంటు తీగలు, తర్వాత కేబుల్ టీవీ తీగలు, ఆఖర్న కంప్యూటర్ తీగలు. ఏ తీగ లాగినా, పనయ్యాక ఇంటివాళ్ళు "తీగ ఏదండీ?" అని వెతుక్కోవాలి. అలా వెతుక్కున్నారంటే ఆ పూట నాకు అన్నం అక్కర్లేదు. ఇప్పుడు తీగలు లాగే కుర్రాళ్ళూ, మీరు చేసే పనులు చూస్తున్నాను నాయనా! కిటికీ సందులోంచి ఓ తెల్ల తీగ, గోడకి అడ్డంగా ఓ నల్ల తీగ, టీవీ వెనక నాలుగు చుట్టలు. బట్టలారేసే తాడే నయం, దానికో వరస ఉంటుంది. అయితే మిమ్మల్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయి, ఒకసారి ఐదుగురు ఆడవాళ్ళ కొంప ముంచబోయాను. ఆ సంగతి చెబుతాను.

ముందు ఓ మాట. ఇది మా వైపు వాళ్ళు కానివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి చెప్పాలి. మా కోనసీమలో ఎదుటి మనిషి ఏం చెప్పినా "ఆయ్" అంటాం. అవునండి అనడానికి ఆయ్. అలాగేనండి అనడానికి ఆయ్. వింటున్నాను, మీరు చెప్పండి అనడానికీ ఆయే. అది మర్యాద. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు మధ్యమధ్యలో ఆయ్ అనకపోతే "వీడికి పొగరేంటి ఇంత?" అనుకుంటారు. అందుకని మాకది ఆలోచించి అనే మాట కాదు, తుమ్ములాగా దానంతటదే వచ్చేస్తుంది. ఆ మాటే నన్ను పట్టిచ్చింది.

అది ఇళ్ళకి బ్రాడ్‌బ్యాండు కొత్తగా వస్తున్న కాలం, రెండువేల ఆరు ప్రాంతం. అమలాపురంలో ఒక కంప్యూటర్ల కొట్టులో పనిచేసేవాణ్ణి. మేం ఇద్దరం, నేనూ ఇంకొకాయనా. తీగలు నావి, కంప్యూటర్లు ఆయనవి. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. మెడలో టై, జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి రాయదు. తనని తాను సిస్టం ఇంజనీరు అని చెప్పుకునేవాడు. నన్ను గురువుగారూ అంటూనే, "మీది చేతిపని గురువుగారూ, మాది బుర్రపని" అని దెప్పేవాడు. ఏ కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ఆయన నోట వచ్చేది ఒకటే ముక్క: వైరస్. ప్లగ్గు పెట్టడం మర్చిపోయినా వైరసే. మనిషి మాత్రం బంగారం. రోజూ పోట్లాడుకునేవాళ్ళం, రోజూ మధ్యాహ్నం ఒకరి క్యారేజీ ఒకరం తినేవాళ్ళం.

ఒకరోజు కొట్టుకి టైపు మేడం గారు వచ్చారు. ఆవిణ్ణి ఊళ్ళో అందరూ అలాగే పిలిచేవారు. అంతకుముందు ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. కంప్యూటర్లు వచ్చాక టైపు మిషన్లని ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ దిగులుపడి కూర్చునే రకం కాదు. మిషన్లు అమ్మేసి ఐదు కంప్యూటర్లు కొన్నారు. ఎక్కడో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి పంపితే, అది చెవిలో పెట్టుకుని విని, టైపు చేసి తిరిగి పంపే పని ఒకటి వచ్చిందని విన్నారు. తన దగ్గర టైపు నేర్చుకున్న నలుగురు ఆడవాళ్ళని పోగుచేసి, ఆరు నెలలు నేర్పారు. ఒకామె భర్త మస్కట్‌లో ఉన్నాడు. ఒకామె కొత్తపేట దగ్గర వరి రైతుల కోడలు, ఇంట్లో ఒప్పించడానికే రెండు నెలలు పట్టిందట. మిగతా ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. పదో తరగతి చదివిన వాళ్ళు కాస్తా "హైపర్‌టెన్షన్" స్పెల్లింగు నిద్రలో అడిగినా చెప్పే స్థితికి వచ్చారు.

"అన్నయ్యగారూ, హైదరాబాదు కంపెనీ వాళ్ళు పరీక్ష పెడతామన్నారండి" అన్నారు ఆవిడ. మొహం వెలిగిపోతోంది. "వచ్చే శుక్రవారం పదకొండింటి నుంచి ఒంటిగంట దాకా అండి. ఐదు సీట్లూ ఒకేసారి లైన్లో ఉండాలండి. రెండు గంటల్లో ఏ సీటు లైన్లోంచి జారినా సెంటరు ఫెయిలేనంటండి. మళ్ళీ పరీక్ష పెట్టరంట. భీమవరం వాళ్ళు మా వెనకాలే కాచుకునున్నారు."

"జారడమేంటమ్మా! నేను వేసిన తీగ జారుతుందా?" అన్నాను. వినండి, ఎంత పొగరో.

మేడం గారి అద్దె ఇల్లు కాలవగట్టు దగ్గర. దూలాలు వేసి కట్టిన పాతకాలపు డాబా. ముందు గది, మధ్య గది ఆవిడకి అద్దెకిచ్చి, ఇంటావిడ వెనక భాగంలో ఉంటోంది. ఆ రెండు గదుల మధ్య గుమ్మం ఎంత పొట్టిదంటే నాలాంటివాడు తల వంచుకుని దూరాలి. ఇంటావిడకి యాభై ఎనిమిది ఉంటాయి. నేను సంచి కింద పెట్టకముందే వచ్చి నిలబడింది.

"చూడండి తమ్ముడుగారూ. గోడకి మేకు పడకూడదండి. గడప మీద తీగ పడకూడదండి. పైనుంచి తీగ వేలాడకూడదండి. మిగతాదంతా మీ ఇష్టమండి."

"మిగతాది ఇంకేముందండీ అక్కగారూ, గాలి తప్ప?"

"గాల్లోంచి వెళ్ళేది కూడా వచ్చిందంట కదండీ? అదెట్టండి" అంది, తడుముకోకుండా.

ఇంజనీరు ముందుకొచ్చి, ఇంత మందం గోడలకి అది పనికిరాదనీ, పైగా ఐదింటికీ ఆ సామాను కొనలేరనీ ఇంగ్లీషులో సగం తెలుగులో సగం వివరించాడు. ఆవిడ అంతా విని "ఆయ్" అంది. కానీ గోడ విషయంలో మాత్రం కదల్లేదు. తప్పు ఆవిడది కాదు. అవి ఉప్పుగాలికి నాని ఉన్న సున్నం గోడలు. ఒక్క మేకు కొడితే చేటంత పెచ్చు ఊడి పడుతుంది. అంతకుముందు అద్దెకున్న ట్యూషన్ మాస్టారు కేలండర్లకీ, మ్యాపులకీ నలభై రెండు మేకులు కొట్టి వెళ్ళాడట. ఆవిడ నన్ను గదంతా తిప్పి, ఒక్కో మచ్చా చూపించింది. నలభై రెండూ చూపించేదాకా వదల్లేదు.

నాకు కోపం రావాలి కదా? రాలేదు. ఒళ్ళు ఉప్పొంగిపోయింది! ఇన్నాళ్ళకి నా చేతికి తగ్గ ఇల్లు దొరికింది అనిపించింది. గోడకి కొట్టొద్దంది గానీ కర్రకి కొట్టొద్దనలేదు కదా! ఆ ఇంట్లో కర్రకేం లోటు? కిటికీ చట్రాలు, దూలాలు, ద్వారబంధం, అన్నీ టేకే. ముందు గదిలో ఇంటర్నెట్‌ని కంప్యూటర్లకి పంచే స్విచ్చి పెట్టె దగ్గర్నుంచి తీగని కిటికీ చట్రం మీదుగా పైకెక్కించి, దూలం పక్కనుంచి నడిపించి, గుమ్మం దగ్గర దింపి, ద్వారబంధం పైచెక్క వెంట అవతలి గదిలోకి తిప్పి, అక్కడ ఇంకో చిన్న పెట్టె పెట్టి మూడు కంప్యూటర్లకీ పంచాను. గుమ్మం దగ్గర తీగ కనపడుతుందని నాకు మనసొప్పలేదు. వడ్రంగి దగ్గర కూర్చుని, లోపల గాడి ఉన్న సన్నటి టేకు పట్టీ చేయించి, ద్వారబంధం రంగు కలిసేలా పాలిష్ పెట్టి, తీగ మీద బిగించాను. అక్కడ రెండు పై మూలల్లోనూ తుప్పుపట్టిన పాత మేకులు ఉన్నాయి. పట్టీకి అడ్డొస్తున్నాయని పీకి పారేశాను. అవి అక్కడెందుకు ఉన్నాయో ఆలోచించలేదు.

కొట్టులో ఉన్న తీగ పెట్టె ఆ ఇంటితో అయిపోయింది. రాజమండ్రి నుంచి కొత్తది రావాలి. ఉన్నదాన్ని మూరతో కొలిచి, అంగుళం వృథా పోకుండా కోసి, ఎక్కడా వదులు లేకుండా బిగలాగి వేశాను. అదొక గొప్ప అనుకునేవాణ్ణి అప్పట్లో.

గురువారం పని పూర్తయింది. ఐదు కంప్యూటర్లూ లైన్లోకి వచ్చాయి. ఇంటావిడ వచ్చి గోడలన్నీ చూసింది. దూలాలకేసి చూసింది. బల్లల కిందికి కూడా వంగి చూసింది.

"తీగ ఏదండీ?"

"ఉందండి అక్కగారూ."

"ఏదండీ మరి?"

"కనపడకపోవడమే దాని గొప్పండి!"

ఆవిడ నవ్వేసింది. "గొప్పోరండి బాబూ మీరు!" అంది. టైపు మేడం గారు చప్పట్లు కొట్టారు. నలుగురూ కొట్టారు. ఇంజనీరు కూడా టై సర్దుకుని, "చేతిపనే అయినా బావుంది గురువుగారూ" అన్నాడు. ఆ సాయంత్రం సైకిలు మీద ఇంటికి వెళ్తూ ఈలపాట పాడుకున్నాను. నాకు ఈల వెయ్యడం రాదు.

శుక్రవారం పొద్దున్న పెళ్ళికి వెళ్ళినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని తొమ్మిదింటికే వెళ్ళిపోయాను. నాకక్కడ పనేం లేదు, చూసి ఆనందించడానికి వెళ్ళాను. ఇంజనీరూ వచ్చాడు. ఇల్లంతా సాంబ్రాణి వాసన. ఆడవాళ్ళు ఐదుగురూ తలంట్లు పోసుకుని, పట్టుచీరలు కట్టుకుని, మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ముందు గదిలో ఇద్దరు, మధ్య గదిలో ముగ్గురు. మేమిద్దరం అరుగు మీద కాఫీ తాగుతున్నాం. లోపల టక్కుటక్కుమని చప్పుడు వినిపించింది.

"ఏంటండది?" అన్నాడు ఇంజనీరు.

"కొబ్బరికాయ కొడుతున్నారులే" అన్నాను, కాఫీ ఊదుకుంటూ.

పది నిమిషాలు కూడా కాలేదు. టైపు మేడం గారు చెప్పులు లేకుండా అరుగు మీదికి పరిగెత్తుకొచ్చారు. "అన్నయ్యగారూ! మధ్య గదిలో మూడూ పోయేయండి!"

అప్పుడు టైము పదీ ఇరవై.

"వైరస్" అన్నాడు ఇంజనీరు, గ్లాసు కింద పెట్టకుండానే.

"మూడింటికీ ఒక్కసారా?"

"నెట్‌వర్క్ వైరస్ గురువుగారూ. పాకుతుంది."

ఆయన ఒక్కో కంప్యూటర్నీ ఆపి, మళ్ళీ పెట్టి, ఏవేవో నొక్కాడు. మేడం గారు నా వైపు తిరిగి, "అన్నయ్యగారూ, తీగోసారి చూస్తారాండీ?" అన్నారు. ఇక్కడ నా సిగ్గులేనితనం రాయక తప్పదు. "తీగకేం కాదమ్మా! నిన్న వేసిన తీగ!" అని కసురుకున్నాను. ఆ కసురుకి పన్నెండు నిమిషాలు పోయాయి. ఇంజనీరే చెమట తుడుచుకుంటూ వచ్చి, గొంతు తగ్గించి, "గురువుగారూ, వైరస్ కాదండి" అన్నాడు. ఆయన ఆ మాట అనడం నేనెన్నడూ వినలేదు.

టెస్టరు తీశాను. అది రెండు ముక్కలుగా ఉంటుంది. తీగకి ఈ కొస ఒకటీ ఆ కొస ఒకటీ తగిలిస్తే, ఒకటి నుంచి ఎనిమిది దాకా లైట్లు వరసగా వెలగాలి. మూడు లైట్లు వెలగలేదు. నా తీగే! ఎక్కడో తెగింది. ఎక్కడ? ఎవరికీ కనపడకుండా దాచింది నేనే కదా, ఇప్పుడు నాకూ కనపడదు. కిటికీ దగ్గర్నుంచి చేత్తో తడుముకుంటూ, దూలం కింద నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి తలెత్తాను.

ద్వారబంధానికి మామిడి తోరణం. పచ్చగా, నిండుగా, ఎంత అందంగా ఉందో! రెండు మూలల్లోనూ నిగనిగలాడే కొత్త మేకులు. ఎడమవైపు మేకు సరిగ్గా నా టేకు పట్టీ నడుమ దిగి ఉంది.

మేడం గారూ చూశారు. ఎన్నడూ గొంతు పెంచని మనిషి, పెంచారు. "పిన్నిగారూ! కేలండరుకి కూడా మేకు కొట్టనివ్వలేదు మీరు! ఆరు నెలలండీ! ఇవాళ మీ చేత్తో మీరే కొట్టేరా?"

ఇంటావిడ మొహం పాలిపోయింది. "గోడకి కాదుగదమ్మా, గుమ్మానికి కొట్టేను. మంచి పని మొదలెడతన్నారు, గుమ్మం బోసిగా ఉందని... ఇదివరకటి మేకులు లేవు. నిన్న తమ్ముడుగారిని అడిగేనమ్మా. ఇక్కడ రెండు మేకులు కొట్టుకోవచ్చాండీ అని అడిగితే, ఆయ్ అన్నారు."

అందరూ నాకేసి చూశారు.

నాకు అప్పుడు లీలగా గుర్తొచ్చింది. నిన్న నిచ్చెన మీద ఉన్నాను. పెదాల మధ్య తీగ బిగించే మేకు క్లిప్పులు నాలుగు. పక్క గదిలోంచి ఇంజనీరు ఏదో అరుస్తున్నాడు. కిందనుంచి ఆవిడ గొంతు వినపడింది. మాటలు వినపడలేదు, గొంతు వినపడింది. పెద్దావిడ కదా, ఆయ్ అన్నాను.

ఇంజనీరు నా మోచెయ్యి నొక్కాడు. ఆ నొక్కుడికి అర్థం నాకు తెలుసు: ఊరుకోండి, ఎవరు విన్నారు? నిజమే, ఎవరూ వినలేదు. "నేనెప్పుడన్నానండీ?" అంటే సరిపోయేది. పాతికేళ్ళ పేరు నిలబడేది. ఆవిడ అప్పటికే సగం చచ్చిపోయి ఉంది, ఎదురు చెప్పేది కాదు. అనేద్దామనిపించింది కూడా. అబద్ధమెందుకు, నోటిదాకా వచ్చింది.

"అన్నానమ్మా" అన్నాను మేడం గారితో. "ఆవిడ అడిగేరు. నేను వినకుండా ఆయ్ అన్నాను. పాత మేకులు పీకింది కూడా నేనే. తప్పంతా నాది."

"వినకుండా ఎలా అన్నారండీ?" అంది ఇంటావిడ. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

పదీ నలభై. మేకు ఊడబీకి పట్టీ లాగాను. ఫెళ్ళున విరిగింది. మేకు తీగ నడుంలోంచి దూసుకుపోయి ఉంది. ఇంటావిడ చటుక్కున ముందుకొచ్చి, "గోడకి కన్నం పెట్టెయ్యండి తమ్ముడుగారూ! ఎక్కడ కావాలంటే అక్కడ పొడిచెయ్యండి!" అంది. నలభై రెండు మచ్చలు చూపించిన మనిషి! "గోడతో పనిలేదక్కగారూ, వెయ్యడానికి తీగే లేదు" అన్నాను. కంప్యూటర్లన్నీ ముందు గదిలోకి మోద్దామన్నారు మేడం గారు. ముందు గదిలో ఉన్నది రెండే కరెంటు ప్లగ్గులు. ఇక మిగిలింది ఒకటే దారి. చెడిన ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి చేత్తో మెలిపెట్టాలి. మా పనిలో అంతకంటే సిగ్గుమాలిన పని లేదు. అలా అతుకేసినవాణ్ణి నేను కొట్టులోంచి తరిమేసేవాణ్ణి.

కోశాను. కొసలు అందలేదు! అంగుళం వృథా పోకుండా వేసిన మహానుభావుణ్ణి కదా. దూలం మీద రెండు క్లిప్పులు పీకి, ఇటు కాస్త అటు కాస్త లాగితే ముక్కూ ముక్కూ తగిలినంత దగ్గరికి వచ్చాయి. పళ్ళతో తొక్క తీసి, రంగుకి రంగు చూసి ఎనిమిదీ మెలిపెట్టి, టేపు చుట్టాను.

"వచ్చింది!" లోపల్నుంచి అరిచారు.

చెయ్యి తీశాను.

"పోయింది!"

మళ్ళీ పట్టుకున్నాను.

"వచ్చిందండీ! వచ్చిందండీ! కదలకండి!"

టీవీలు కొత్తగా వచ్చినప్పుడు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పినవాళ్ళకి ఈ అవస్థ తెలుసు. పట్టుకుంటే బొమ్మ, వదిలితే చుక్కలు. ఎంత టేపు చుట్టినా అంతే. వేళ్ళతో ఒక పక్కకి నొక్కి పట్టుకుంటేనే పెట్టె మీది లైటు నిలుస్తోంది. సరే, రెండు గంటలూ నేనే పట్టుకుందామనుకున్నాను. ఇంతలో మధ్య గదిలోంచి "ఈ ఒక్కటీ రావట్లేదండీ" అని కేక. నేను చేసిన లాగులాటలో అటువైపు పెట్టె జరిగి, ఒక కంప్యూటర్ వెనక తీగ కొసనుండే పిన్ను తెగింది. కొత్త పిన్ను వెయ్యడం ఇంజనీరుకి రాదు. నాకే వచ్చు. టైము పదీ యాభై మూడు. నాకు రెండే చేతులు.

"ఇలా తెండి" అంది ఇంటావిడ. "షాకు కొడతాదాండీ?"

"కొట్టదండి అక్కగారూ, దీంట్లో కరెంటు ఉండదండి."

"కొట్టినా పట్టుకుంటాను గానీ, ఎలా పట్టుకోవాలో చూపించండి."

గుమ్మం పొట్టిది కావడం ఎంత అదృష్టమో! ఆవిడ చెయ్యెత్తితే మూల అందింది. గడప మీద నిలబడకూడదని గడపకి ఇవతలే నిలబడి, నా వేళ్ళ పక్కన తన వేళ్ళు పెట్టింది. నేను మెల్లిగా నావి తీశాను. లైటు ఆగింది! పరుగున వెళ్ళి పిన్ను వేశాను. జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ వెయ్యలేదు. మూడో కంప్యూటర్ లైన్లోకి వచ్చింది. ఐదు! తిరిగొచ్చి, "ఇవ్వండి అక్కగారూ" అని చెయ్యి పెట్టబోయాను. లైటు ఒక్కసారి వణికింది. లోపల కెవ్వుమన్నారు.

"మార్చకండీ!" అని మేడం గారు ముందు గదిలోంచి అరిచారు. "ఎవరు పట్టుకున్నారో వాళ్ళే పట్టుకోండి! దణ్ణం పెడతాను!"

అంతలో హైదరాబాదు నుంచి ఫోను. పదకొండయింది.

ఆ రెండు గంటలూ నేనెలా ఉన్నానో చెప్పలేను. ఒక పక్క ఐదు కీబోర్డుల చప్పుడు, తగరపు రేకుల మీద వాన పడినట్టు. వింటుంటే ఒళ్ళు పులకరించేది. తలెత్తితే ఆవిడ చెయ్యి. ఫ్యాను గాలికి తోరణం కదిలి తీగకి తగులుతోందని ఫ్యాను ఆపించాం. ఆవిడ మెడ మీద చెమట ధారలు. ఇంజనీరు టై విప్పి జేబులో కుక్కుకుని, ఒక ఫైలు అట్ట తీసుకుని ఆవిడకి విసరడం మొదలెట్టాడు. తీగకి గాలి తగలకుండా కిందనుంచి విసరాలి. బుర్రపనివాడు గంటన్నరసేపు గొంతుక్కూర్చుని విసిరాడు. నేను స్టీలు గ్లాసుతో నీళ్ళు ఆవిడ నోటికి అందించాను. సగం మింగింది, సగం రవిక మీద పడ్డాయి. రెండో చేత్తో మోచేతిని కింద నుంచి ఆనించుకుంది. ఆ చెయ్యీ అలిసిపోయాక, నా భుజం ఆవిడ మోచేతి కింద పెట్టి నిలబడ్డాను.

పక్కింటావిడ మజ్జిగ గిన్నె పట్టుకుని వచ్చి, అరుగు మీదే ఆగిపోయింది. "ఏంటండీ వదినగారూ, గుమ్మం పడిపోతందా?"

"పిల్లలు పరీక్ష రాత్తన్నారండి. మెల్లిగా మాట్లాడండి" అంది ఈవిడ, తల తిప్పకుండా.

పిల్లలట! వాళ్ళలో ఒకామెకి పెళ్ళీడుకొచ్చిన కూతురుంది.

మీకు నీతులు చెప్పే వయసు నాకొచ్చింది గానీ, హక్కు రాలేదు. అయినా రెండు ముక్కలు చెబుతాను. తీగ కోసేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా ఒక జానెడు వదులు ఉంచండి. అందం చెడితే చెడనివ్వండి. ఎక్కడ దాచారో ఇంటివాళ్ళకి వేలు పెట్టి చూపించండి. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళు, మీరు కాదు. కిందనుంచి ఎవరైనా పిలిస్తే నిచ్చెన దిగండి. నేను ఆ రోజు నుంచి క్లిప్పులు నోట్లో పెట్టుకోవడం మానేశాను, చొక్కా జేబులో వేసుకునేవాణ్ణి. జేబుకి కన్నాలు పడ్డాయని మా ఆవిడ తిట్టేది. తిట్టనీ.

ఒంటిగంట కొట్టింది. కీబోర్డులు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఒక్క సీటు కూడా జారలేదు. కానీ జారకపోవడం ఒక్కటే చాలదు, రాసింది బాగుండాలి. వాళ్ళు చూసి ఫోను చేస్తామన్నారు. అందరం ముందు గదిలో ఫోను చుట్టూ మూగాం. పావుగంటకి మోగింది. మేడం గారు ఎత్తారు.

"ఆయ్... ఆయ్ అండి... ఆయ్" అంటున్నారు. మొహంలో ఏమీ తెలియడం లేదు. వచ్చినట్టా, పోయినట్టా? ఆ క్షణాన ఆ మాట మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు! ఆవిడ ఫోను పెట్టేశారు. కుర్చీలో కూర్చున్నారు. కళ్ళనిండా నీళ్ళు.

"సోమవారం నుంచి పని పంపుతారంట" అన్నారు.

ఇక చూడండి! అరుపులా, ఏడుపులా, నవ్వులా! అక్కచెల్లెళ్ళిద్దరూ కావలించుకుని గిరగిరా తిరిగారు. వరి రైతుల కోడలు హెడ్‌ఫోను తీసి కళ్ళకద్దుకుంది. మస్కట్ ఆయన భార్య బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంజనీరు నన్ను ఎత్తినంత పని చేశాడు. "గురువుగారూ! గురువుగారూ!" తప్ప ఆయన నోట మరో మాట లేదు. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి? వీధిలో పోయేవాళ్ళు ఆగి, లోపల ఎవరైనా పోయారేమో అని తొంగి చూశారు.

ఆ గోలలో గుమ్మం దగ్గర్నుంచి సన్నగా ఓ గొంతు వినపడింది.

"ఏవండీ... ఇంక చెయ్యి తియ్యొచ్చాండీ?"

అందరం తిరిగి చూశాం. పరీక్ష అయిపోయి ఇరవై నిమిషాలు దాటింది. తియ్యమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ మోచేతి కింది నుంచి నా భుజం తీసేసి నేనే ఫోను దగ్గరికి పరిగెత్తాను. ఒక్కర్తే, చెయ్యెత్తి, వేళ్ళు బిగించి, అలాగే నిలబడి ఉంది.

"తియ్యండి అక్కగారూ! తీసెయ్యండి!" అన్నాను.

వేళ్ళు విప్పింది. చెయ్యి మాత్రం దిగలేదు. అలాగే కొయ్యబారిపోయి గాల్లో ఉండిపోయింది. మేడం గారు నా పక్కనుంచి దూసుకువెళ్ళి, రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకున్నారు. ఆర్నెల్లుగా పిన్నిగారూ, అండీ అని తప్ప పిలిచి ఎరగని మనిషి. "అమ్మా, దింపు. అయిపోయింది, దింపమ్మా" అంటూ భుజం దగ్గర్నుంచి మెల్లమెల్లగా నిమురుతూ కిందికి దింపారు.

ఇంటావిడ అందరి మొహాలకేసీ మార్చి మార్చి చూసింది. అందరి కళ్ళల్లోనూ నీళ్ళే.

"ఇంతకీ మనం పాసయ్యేమా?" అని అడిగింది.